వీడియో కూర్పునకు కంప్యూటరు: కొనుటకు ముందు చేయవలసిన యోచన



నేడు నేను ముచ్చటింపబోవునది కంప్యూటరును గుఱించి. ఆ మాట చెవిని బడినంతనే “ఇది కుఱ్ఱవాండ్ర విషయము, మనకేల” యని రేడియో కట్టివేయబోకుడు. విషయము కుఱ్ఱవాండ్రదే కావచ్చును గాని, సొమ్ము మనది. ఒకప్పుడు పెండ్లికి పురోహితుడును, మేళమువాడును, వంటవాడును కుదిరిన చాలును. నేడు వారితోపాటు వీడియో తీయువాడును కుదురవలసియున్నది. అతడు తీసిన దానిని ఉన్నదున్నట్లు ఎవ్వరును చూడరు. వలయు భాగములను ఏర్చి, వలదన్నవానిని కత్తిరించి, రంగు సరిచేసి, పాట చేర్చి, పది గంటల దృశ్యమును రెండు గంటలకు కుదింపవలయును. దీనినే ఎడిటింగందురు. నేను కూర్పు అందును. మన గ్రామములలో ఎందఱో బాలురు ఈ వృత్తిని అవలంబించుచున్నారు. మంచి వృత్తియే. ఐతే ఆ బాలుడు ఒకనాడు తాతయొద్దకు వచ్చి “ఈ పనికి ప్రత్యేకముగ ఒక కంప్యూటరును కట్టించుకొనవలెను, మూడు లక్షలు కావలయును” అనును. యంత్రమును గుఱించి యెఱిగిన మనుమని చేత సొమ్ము లేదు. సొమ్మున్న తాతకు యంత్రపు ఎఱుక లేదు. ఈ యిద్దఱి నడుమ అంగడివాడు ప్రవేశించును. అందువలన కలుగు నష్టము ఎట్టిదో నేను స్వయముగ అనుభవించినవాడను గనుక, ముందుగ ఆ సంగతి మనవి చేసెదను.

2019వ సంవత్సరమున నా దౌహిత్రుడు ఈ పనికై కంప్యూటరు కావలెననగా, నేను ఉద్యోగవిరమణమున వచ్చిన సొమ్మునుండి లక్షా తొంబదివేల రూపాయలు ఇచ్చితిని. ఏమియు అడుగలేదు. పట్టణమునందలి ఒక యంగడిలో యంత్రమును కట్టించి తెచ్చెను. దానికి అద్దపు గోడలు. లోపల ఏడు రంగుల దీపములు. ఇంటికి వచ్చినవారెల్లరు చూచి మెచ్చుకొనిరి. దీపములకును, ఆటలాడువారికి పనికివచ్చు భాగములకును సొమ్ము వ్యయమైపోగా, లోపల ఉండినది ఒకే యొక హార్డుడిస్కు. విద్యుత్తునిచ్చు పెట్టెయో, చేసినవాని పేరైన లేనిది. వైశాఖమున మా వీధిలోని నా చిరకాల మిత్రుని మనుమరాలి వివాహమైనది. నా మిత్రునికి అప్పటికి ఎనుబదినాలుగేండ్లు. దంపతులకు అక్షింతలు వేయుచు ఆయన చాలసేపు ఆశీర్వదించెను. ఆ దృశ్యమును మావాడు తీసెను. తీసినదానిని ఆ యొక్క డిస్కులోనికి ఎక్కించి, మఱునాటి పెండ్లికై కెమెరా కార్డులను తుడిచివేసెను. కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నము కరెంటు పోయి, మఱల ఒక్కసారిగ వచ్చినది. విద్యుత్తుపెట్టె కాలినది, దానితోపాటు డిస్కును పోయినది. బాగుచేయువారికి చూపించితిమి, ఫలము లేకపోయెను. ఆ మాసముననే నా మిత్రుడు కాలధర్మము నొందెను. పండ్రెండవ దినమున ఆ యింటివారు వచ్చి “తాతగారు ఆశీర్వదించిన దృశ్యము ఒక్కటి యిప్పింపుడు” అని అడిగిరి. మాయొద్ద ఏమియు లేదు. తీసికొన్న సొమ్మును తిరిగి యిచ్చితిమి. సొమ్ము తిరిగి యిచ్చుటకు వీలైనది; దృశ్యము వీలు కాలేదు.

ఆ మీదట నేను మావానిని కూర్చుండబెట్టుకొని, బడిపిల్లవానివలె ఒక్కొక్క భాగమును గుఱించి అడిగి తెలిసికొంటిని. అట్లు నేర్చినదానిని మీకు విన్నవించుచున్నాను.

ముందుగ యంత్రమును కాదు, పనిని తెలియవలయును. చలనచిత్రమనగా కదలు చిత్రము కాదు. కదలని చిత్రముల వరుస. మన దేశమున టెలివిజను రీతిని సెకండునకు 25 చిత్రములు కంటిముందు సాగిపోవును. నేడు వాడుకలోనున్న 4కె యను కొలతలో ఒక్కొక్క చిత్రమునందు అడ్డముగ 3,840, నిలువుగ 2,160 చుక్కలుండును. హెచ్చవేసిన 82,94,400 చుక్కలు. ఒక్కొక్క చుక్కకు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వర్ణముల పాళ్లను వేఱువేఱుగ వ్రాయవలెను. ఒక్క వర్ణమునకు ఒక్క బైటు చొప్పున, ఒక చిత్రమునకు 2,48,83,200 బైట్లు. ఒక సెకండునకు 62,20,80,000 బైట్లు. బైటనగా ఒక ఇంగ్లీషు అక్షరమును వ్రాసికొనుటకు పట్టు చోటు. ఒక గంట దృశ్యమును ఇట్లు పూర్తిగ వ్రాసినచో రెండు టెరాబైట్లకు మించును. టెరాబైటనగా లక్షకోటి బైట్లు. ఇంత భారమును సామాన్యమైన కెమెరా కార్డు మోయజాలదు.

కావున కెమెరా దానిని కుదించి వ్రాయును. ఎట్లన, మనము పద్దుపుస్తకమున ఒక వరుసలో పూర్తి పేరు వ్రాసి, క్రింది వరుసలలో “పైవిధముగనే” అని గుర్తు పెట్టుదుము గదా. కెమెరాయు అట్లే, ఒక చిత్రమును పూర్తిగ వ్రాసి, తరువాతి చిత్రములందు మాఱిన భాగమును మాత్రమే వ్రాయును. పెండ్లికుమారుడు చేయి యెత్తినచో ఆ చేయి మాత్రమే మాఱినది. వెనుకనున్న పందిరి మాఱలేదు. 2003వ సంవత్సరమున వెలువడిన హెచ్.264 అను పద్ధతియు, 2013వ సంవత్సరమున వచ్చిన హెచ్.265 అను పద్ధతియు ఇట్టివే. సెకండునకు 100 మెగాబిట్ల చొప్పున వ్రాయు కెమెరా గంటకు 45 గిగాబైట్లు మాత్రమే నింపును. అనగా పూర్తి వ్రాతలో ఇంచుమించు ఏబదియవ వంతు.

చోటు కలిసివచ్చినది గాని, కష్టము ఇక్కడనే మొదలగును. పద్దుపుస్తకమున పదియవ వరుసలోని పేరేమని ఎవరైన అడిగినచో, పూర్తి పేరున్న వరుసవఱకు పైకి పోయి, అచ్చటనుండి చదువుకొనుచు రావలయును. కూర్పు చేయువాడు దృశ్యమున ముందునకును వెనుకకును జరుగుచున్నప్పుడెల్ల యంత్రము ఈ పనినే చేయవలసియుండును. పిమ్మట విప్పిన చిత్రమునకు రంగు సరిచేయవలెను. తుదకు అంతయు మఱల కుదించి వ్రాయవలెను. విప్పుట, మార్చుట, కుదించుట అను ఈ మూడు పనులకై యంత్రభాగములను ఎంచుకొనవలెను గాని, అంగడివాని గాజుబీరువాలో మెఱయుచున్నవని కాదు.

ఇక భాగములు. మొదటిది ప్రాసెసరు. ఇది యంత్రమునకు బుద్ధి. దీనిలో కోర్లు అను పనివాండ్రు అనేకులుందురు. 2024వ సంవత్సరమున వెలువడిన రకములలో ఏ.ఎం.డి. వారి రైజన్ 9 9950ఎక్స్ నందు 16 కోర్లును, ఇంటెల్ వారి కోర్ అల్ట్రా 9 285కె యందు 24 కోర్లును కలవు. ఐతే పనివాండ్ర సంఖ్యను మాత్రమే చూచి మోసపోరాదు. ఇంటెల్ ప్రాసెసర్లలో పెక్కింటియందు, కుదించిన వీడియోను విప్పుటకే నియమింపబడిన భాగమొకటి 2011వ సంవత్సరమునుండి ఉన్నది. దానిని క్విక్ సింక్ అందురు. ప్రాసెసరు పేరు చివర “ఎఫ్” అను అక్షరమున్న రకమున ఈ భాగము పనిచేయదు. అందువలననే అది కొంచెము చవుక. మేము 2019లో ఆ చవుకనే కొంటిమి. వ్యాకరణమున ప్రత్యయము మాఱినచో అర్థము మాఱుననుట ముప్పదియేండ్లు పిల్లలకు చెప్పిన నేను, రసీదులో ఆ యొక్క యక్షరమును చదువలేకపోతిని.

రెండవది గ్రాఫిక్సు కార్డు. ప్రాసెసరు కొలదిమంది పండితుల సభ వంటిదైనచో, ఇది వేలకొలది కూలీల గుంపు వంటిది. ఒక్కొక్కడు చేయునది చిన్న లెక్కయే. కాని అందఱును ఒక్కసారిగ చేయుదురు. లక్షలకొలది చుక్కలకు రంగు మార్చుట, చీకటిలో తీసిన దృశ్యమునందలి గరుకును పోగొట్టుట మొదలగు పనులు దీనివలన శీఘ్రముగ నెఱవేరును. దీనికి సొంత జ్ఞాపకశక్తి యుండును. 4కె పనికి ఆ జ్ఞాపకము 12 గిగాబైట్లకు తక్కువ కాకుండుట మంచిది. 16 ఉన్నచో నిశ్చింత. ఎన్విడియా వారు 2025వ సంవత్సరమున విడుదల చేసిన 5070 టి.ఐ. అను కార్డునకు 16 గిగాబైట్లు. అది 300 వాట్ల విద్యుత్తును తినును. అదే వరుసలోని 5090 అను కార్డునకు 32 గిగాబైట్లు. అది 575 వాట్లు తినును. పెండ్లి వీడియోలు కూర్చువానికి రెండవదాని అవసరము లేదు. సినిమాలలో మాయాదృశ్యములు కల్పించువారికి అది తగును. ఇంకొక విశేషము: కొన్ని కెమెరాలు వర్ణములను మఱింత సూక్ష్మముగ, 4:2:2 అను రీతిని వ్రాయును. ఎన్విడియా వారి జీఫోర్సు కార్డులు ఈ రీతిని స్వయముగ విప్పనేర్చినది 2025వ సంవత్సరపు ఆ వరుసతోనే. కాబట్టి “నీ కెమెరా ఏ రీతిని వ్రాయును” అని ముందుగ బాలుని అడుగుడు. అతడు చెప్పలేకపోయినచో, కొనుటకు ఇంకను సమయము రాలేదన్నమాట.

మూడవది ర్యాము. ఇది మన వ్రాతబల్ల వంటిది. బీరువాలో ఎన్ని గ్రంథములున్నను, బల్లమీద విప్పి పెట్టుకొనుటకు చోటుండవలెను గదా. 4కె కూర్పునకు 32 గిగాబైట్లు కనీసము. 64 ఉన్నచో పని సాఫీగ సాగును. రెండు పలకలుగ కొనుట మేలు. నేటి డి.డి.ఆర్.5 రకమున నాలుగు పలకలు పెట్టినచో, అవి తఱచుగ తక్కువ వేగమునకు దిగవలసివచ్చును. 2025వ సంవత్సరము చివర, కృత్రిమమేధకై కట్టు పెద్ద గణనశాలల గిరాకివలన ర్యాము ధరలు కొలది మాసములలోనే మిక్కిలిగ పెరిగినవి. కాబట్టి పోయిన నెల చెప్పిన ధరను నమ్మి ఇంటినుండి బయలుదేరకుడు.

నాలుగవది నిలువచేయు సాధనము. ఇందు మూడు రకములు కలవు. తిరుగు హార్డుడిస్కు సెకండునకు ఇంచుమించు 200 మెగాబైట్లు అందించును, సాటా యెస్.ఎస్.డి. 550 వఱకు; ఎన్.వి.ఎం.ఇ. యెస్.ఎస్.డి.లలో మేలైనవి 7,000కు పైబడియు. మొదటిది ఊరి గాదె, చివరిది వంటయింటి డబ్బా. ఏడాది గ్రాసమును డబ్బాలలో పోయరు. పూటపూటకు గాదె యెక్కరు. కంప్యూటరును నడిపించు సామగ్రికి ఒక చిన్న ఎన్.వి.ఎం.ఇ., జరుగుచున్న పనికి రెండు టెరాబైట్ల ఎన్.వి.ఎం.ఇ. మఱియొకటి, ముగిసిన పనులకు పెద్ద హార్డుడిస్కు: ఇది సరియైన యేర్పాటు. ఎంత పెద్దది కొనవలెనో లెక్క వేయవచ్చును. ఒక పెండ్లికి రెండు కెమెరాలు ఆఱేసి గంటలు తీసినచో పండ్రెండు గంటలు. గంటకు 45 చొప్పున 540 గిగాబైట్లు. ఏడాదికి ఇరువది పెండ్లిండ్లైనచో 10,800 గిగాబైట్లు, అనగా పదకొండు టెరాబైట్లకు కొంచెము తక్కువ. ఈ లెక్క మావాడు మొదట వేయలేదు; నేను వేయుమని చెప్పలేదు.

మదర్‌బోర్డు ఈ భాగములన్నిటిని కలుపు పలక. ఏ ప్రాసెసరునకు ఆ గూడుండవలయును. రైజన్ 9000 వరుసకు ఏ.ఎం.5 అను గూడు. కోర్ అల్ట్రా 200 వరుసకు 1851 అను గూడు. ఒకటి మఱియొకదాన కూర్చుండదు. ఇందు మనము చూడవలసినది ఎన్.వి.ఎం.ఇ.లకు ఎన్ని చోట్లున్నవి, రేపు మఱియొకటి చేర్చుటకు వీలున్నదా అనునంతే. దీపములకు ధర పెట్టనక్కఱలేదు.

ఇక మా కొంప ముంచిన విద్యుత్తుపెట్టె. పవరు సప్లయి యని అంగడిలో పిలుతురు. వెలుపలనుండి వచ్చు 230 వోల్టుల కరెంటును ఇది లోపలి భాగములకు తగిన కొలది వోల్టులకు దించి పంచిపెట్టును. దీని లెక్క సులభము. ప్రాసెసరు నిండుగ పనిచేయునపుడు 250 వాట్లు, గ్రాఫిక్సు కార్డు 300, తక్కినవన్నియు కలిసి 100; మొత్తము 650. ఎద్దు మోయగలిగినంతయు ఎప్పుడును మోయింపరాదు గనుక, 850 వాట్ల పెట్టెను కొనవలయును. పెట్టెమీద 80 ప్లస్ అను గుర్తుండును. అందు గోల్డు మొదలగు తరగతులు కలవు. విద్యుత్తును ఎంత తక్కువ వృథా చేయునో ఆ గుర్తు తెలుపును. అది మాత్రమే చాలదు. పేరున్న కంపెనీది, ఎక్కువ యేండ్ల వారంటీ గలది అయియుండవలెను. ఈ యొక్క వస్తువునందు మిగుల్చుకొన్న రెండువేలు, తక్కిన రెండులక్షలను కాల్చగలవు.

పిమ్మట వేడిమి. యంత్రము తిన్న 650 వాట్లును తుదకు వేడిమిగనే వెలికి వచ్చును. అనగా గదిలో ఒక చిన్న విద్యుత్ కుంపటి వెలిగించినట్లే. రెంటచింతల ఎండలను ఎఱిగిన మనకు దీని ప్రభావము వేఱుగ చెప్పనక్కఱలేదు. ప్రాసెసరునందలి వేడి 95 లేక 100 డిగ్రీలను సమీపించినచో, అది కాలిపోకుండుటకై తానే వేగమును తగ్గించుకొనును. ఎంత ధర పెట్టి కొన్నను గాలి యాడనిచో చవుక యంత్రమువలెనే నడచును. కావున క్యాబినెట్టునకు ముందువైపు అద్దము కాదు, జల్లెడవంటి వల యుండవలెను. ముందునుండి చల్లగాలి వచ్చి, వెనుకనుండి వేడిగాలి పోవు దారి యుండవలయును. కోతలకాలపు ధూళి ఆ వలను మూయును గనుక, మాసమునకు ఒకసారియైన దులుపవలెను.

ఇల్లు కట్టుటకు ముందు నేలను చూతుము గదా. అట్లే యంత్రమును తెచ్చుటకు ముందు ఇంటి కరెంటును చూపింపుడు. ఎర్తు సరిగ నున్నదా, ఎర్తుగుంట ఎండిపోయినదా అని ఎలక్ట్రీషియనుచేత కొలిపింపుడు. పిమ్మట యు.పి.ఎస్. దానిమీద 1,500 వి.ఎ. అని పెద్ద యక్షరములతో వ్రాసియుండును. అది మోయగలుగునది సాధారణముగ 900 వాట్లే. వాట్ల సంఖ్యను చదువుడు. నేటి మేలైన విద్యుత్తుపెట్టెలకు ప్యూర్ సైన్ వేవు అను రకము తగును. ఇది ఇచ్చునది కొలది నిమిషములే. పనిని భద్రపఱచి యంత్రమును కట్టివేయుటకు అది చాలును. పాట ముగియువఱకు కూర్చుండుటకు కాదు.

మానిటరును గుఱించి ఒక్క మాట. రంగు సరిగ చూపని తెరమీద పసుపు నారింజవలె కనబడును. కూర్పరి దానిని సరిచేసెదనని అనుకొని చెడగొట్టును. పెండ్లివారింట చూచినపుడు పసుపుబట్టలు పాలిపోయియుండును. కావున ఐ.పి.ఎస్. రకపుది, ఎస్.ఆర్.జి.బి. అను వర్ణపరిమితిని నిండుగ చూపునది కొనవలెను. వంకర తెర, ఆటలకై చేసిన మిక్కిలి వేగపు తెర, ఇవి ఈ పనికి అనవసరములు.

ఇప్పుడు సొమ్ము. మొత్తము ఎంతైనను, దానిని పదాఱణాలుగ భావించి పంచుకొనుడు. గ్రాఫిక్సు కార్డునకు నాలుగణాలు, ప్రాసెసరునకు రెండున్నర, నిలువసాధనములకు రెండున్నర, ర్యామునకు రెండు, మదర్‌బోర్డునకు ఒకటిన్నర, విద్యుత్తుపెట్టె, చల్లార్చు సాధనము, క్యాబినెట్టు కలిసి ఒకటిన్నర, మానిటరునకు ఒకటి, యు.పి.ఎస్.నకు ఒకటి. ధరలు మాఱినచో పాళ్లును కొంచెము మాఱును. కాని మావాడు 2019లో గ్రాఫిక్సు కార్డునకును దీపాలంకారమునకును ఎనిమిదణాలు పెట్టి, నిలువసాధనమునకు ముక్కాలణా పెట్టెను. బండికి ఒక ఎద్దు ఒంగోలుది, మఱియొకటి కుంటిది కట్టినచో, బండి కుంటిదాని నడకనే నడచును.

అసలు ఇంత యంత్రమే కావలెనా యని మీరడుగవచ్చును. అడుగుడు, అదియే మంచి ప్రశ్న. ప్రాక్సీ యను ఉపాయమొకటి కలదు. పెద్ద చిత్రములకు చిన్న నకళ్లు తయారుచేసికొని, కూర్పంతయు ఆ నకళ్లమీద చేసి, తుదకు అసలు చిత్రములతో ముడిపెట్టి వ్రాయించుట. నకళ్లు రాత్రివేళ యంత్రము తనంతట తయారుచేయును. ఈ ఉపాయముచేత సామాన్యమైన కంప్యూటరుతోనే 4కె పని చేయవచ్చును. తుది వ్రాతకు మాత్రము ఎక్కువ గంటలు పట్టును. కూర్పు సాధనములలో డావించి రిజాల్వ్ అనుదాని యొక రూపము ఉచితముగనే దొరకును. అది గ్రాఫిక్సు కార్డుమీద ఎక్కువగ ఆధారపడును. అడోబీ ప్రీమియర్ ప్రోనకు చందా కట్టవలయును. బాలుడు ఆఱుమాసములు ఉన్నదానితో పనిచేసి, ఏ చోట యంత్రము ఆగుచున్నదో వ్రాసికొని రావలెను. విప్పుటయందు ఆగినచో ఒక మందు. రంగునందు ఆగినచో వేఱొక మందు. డిస్కునందు ఆగినచో చవుకైన మందు. రోగమెఱుగక వైద్యము చేయరాదు.

కొనుటకు నిశ్చయించినపిమ్మట, సికిందరాబాదు పార్కులేనునందలి చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల అంగళ్లు ప్రక్కప్రక్కనే కలవు. రెండు మూడుచోట్ల ధరలు వ్రాయించుకొనుడు. “మంచి గ్రాఫిక్సు కార్డు” అని వ్రాసిన కాగితమునకు విలువ లేదు. ప్రతి భాగమునకును పూర్తి పేరు, చివరి యక్షరముతోసహా ఉండవలెను. క్యాబినెట్టులో కార్డు పొడవును, చల్లార్చుదాని యెత్తును పట్టునా యని ముందే కొలిపింపుడు. పెట్టెలు మీ యెదుట విప్పవలయును. వస్తువు సంఖ్యలతో, 18 పాళ్ల జి.ఎస్.టి.తో బిల్లు తీసికొనుడు. బిల్లు వలదన్నచో కొంత తగ్గింతుమనువారుందురు. ఆ తగ్గింపుతో వారంటీయు తగ్గిపోవును. పిమ్మట స్థాలీపులాకన్యాయమున, మీ కెమెరాతో తీసిన ఒక గంట దృశ్యమును పట్టుకొనిపోయి, ఆ యంత్రముననే కూర్చి, వ్రాయించి, వేడిని చూచి, అప్పుడు సొమ్ము చెల్లింపుడు.

తుదిమాట నకళ్లను గుఱించి. బ్రౌనుదొర కడపలో బంగళా కొని, పండితులకు జీతములిచ్చి, తాళపత్రములను సేకరింపించి, నకళ్లు వ్రాయించెను. ఆ నకళ్లవలన మన గ్రంథములెన్నో నిలిచినవి. ఒకే ప్రతి యున్న గ్రంథము చెదలకు ఆహారము. వీడియోయు అంతే. ఛాయాగ్రాహకులు పాటించు నియమమొకటి కలదు: మూడు ప్రతులు, రెండు వేర్వేఱు సాధనములందు, ఒకటి వేఱొక యింట. రెండు డిస్కులను జంటగ కట్టి ఒకేమాఱు వ్రాయించు పద్ధతిని కొందఱు నకలనుకొందురు. అది నకలు కాదు. ఒకదాన తుడిచినది రెంటను తుడిచిపోవును. ఇంటర్నెట్టుమీదుగ దూరమున దాచుట మంచిదే కాని, సెకండునకు 50 మెగాబిట్లు పంపగల దారిలో ఒక పెండ్లి యొక్క 540 గిగాబైట్లు చేరుటకు సరిగ ఇరువదినాలుగు గంటలు పట్టును. రెండు ప్రతులైన సిద్ధమగువఱకు కెమెరా కార్డును తుడువరాదు. యంత్రము ఎంత గొప్పదైనను ఈ నియమము లేనిచో, అది గొప్ప చెత్తబుట్ట.

2025వ సంవత్సరమున మావాడు క్రొత్త యంత్రము కావలెననియు, మాగాణి యెకరమును తాకట్టు పెట్టుదమనియు అనెను. నేను కాదనలేదు, లెక్క వ్రాసి తెమ్మంటిని. కెమెరా ఏ రీతిది, ఏడాదికి ఎన్ని పనులు, ఎన్ని టెరాబైట్లు, ఎన్ని వాట్లు, పాత యంత్రము ఎచ్చట ఆగుచున్నది, ఇవన్నియు రెండు పుటలలో వ్రాసికొని వచ్చెను. వ్రాయుచుండగనే కొన్ని కోరికలు వాని చేతులారనే కొట్టివేసికొనెను. పాత మానిటరు చాలునని తేలినది. మిగిలిన మొత్తమును వాని యార్జనయు నా పింఛనును కలిసి మోయగలిగినవి. ఎకరము తాకట్టునకు పోలేదు.

మొన్న నా మిత్రుని యింటనే మఱియొక వివాహమైనది. వారు మఱల మావానినే పిలిచిరి. అది వారి పెద్దఱికము. తీసినదినముననే రెండు ప్రతులు చేసి, మూడవ ప్రతియైన చిన్న డిస్కును ఆ యింటివారి చేతికే యిచ్చి “మీ భోషాణములో దాచుడు” అని చెప్పివచ్చెను. మీ మనుమడు మిమ్ము సొమ్మడుగ వచ్చినపుడు, ధర యెంతయని అడుగుటకు ముందు, మూడవ ప్రతి ఎవరి యింట నుండునని అడుగుడు.

సెలవు.